ఒకే ఊరిలో రెండు గుళ్ళు: హిప్పో బిషప్పు అగస్టీను జీవితము

మన అధ్యక్ష ఖండపు శతవార్షికోత్సవ సంచికకు ఒక భక్తుని జీవితము వ్రాసి యిమ్మని సంపాదకవర్గము వారు కోరినప్పుడు నేను వెంటనే అగస్టీను పేరు చెప్పాను. వారిలో ఒకరు నవ్వి, అది అందరికీ తెలిసిన కథే గదా అన్నారు. తల్లి కన్నీటి ప్రార్థన, తోటలో మారుమనస్సు, ఇంతే గదా అని వారి భావము. నిజమే, ఆదివారపు బడిలో మనము విన్నది అంతవరకే. ఆ తోటలో ఆయన మారినప్పుడు వయస్సు 31. కన్ను మూసినప్పుడు 75. మధ్య ఉన్న 44 ఏళ్ళు ఏమి చేశాడని మనము అడగము. అందులో సుమారు 35 ఏళ్ళు ఆయన రెండుగా చీలిన సంఘములో బిషప్పుగా నలిగిపోయాడు.

నేను ఈ విషయము ఎన్నుకొనుటకు నా సొంత కారణము కూడా ఒకటి ఉన్నది. నా చిన్నతనములో మా ఊరి సంఘములో కమిటీ ఎన్నికల దగ్గర తగవు వచ్చి రెండు జట్లయ్యాయి. మా నాయనగారు ఒక జట్టు, మా మేనమామ మరొక జట్టు. ఒక క్రిస్మసునాడు ఒకే గుడిలో తెల్లవారుఝామున ఒకరు, పొద్దెక్కిన తరువాత మరొకరు ఆరాధన చేశారు. మా అమ్మ అరిసెలు వండి, పుట్టింటికి పంపవచ్చునో లేదో తెలియక పళ్ళెము చేతిలో పట్టుకొని గుమ్మములో నిలబడిన దృశ్యము నాకు ఇప్పటికీ గుర్తే. తరువాత ఎన్నో ఏళ్ళకు అగస్టీను చరిత్ర చదువుతూ, హిప్పో పట్టణపు రొట్టెల సంగతి దగ్గరకు వచ్చేసరికి ఆ పళ్ళెమే జ్ఞాపకము వచ్చింది. ఆ సంగతి ముందు చెబుతాను.

అగస్టీను క్రీ.శ. 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలో తగస్తె అనే చిన్న పట్టణములో పుట్టాడు. అది ఇప్పటి అల్జీరియా దేశములో ఉన్నది. తండ్రి పత్రీసియసు కొద్దిపాటి భూమి గల గృహస్థు, చాలాకాలము అన్యమతస్థుడు. తల్లి మోనికా విశ్వాసి. చదువుకు డబ్బు చాలక పదహారవ ఏట ఒక సంవత్సరము ఇంటి దగ్గర ఊరికే ఉన్నాడు. స్నేహితులతో కలిసి పొరుగువారి తోటలో కాయలు దొంగిలించినది అప్పుడే. ఆకలి లేదు, ఆ కాయలు రుచిగానూ లేవు. తప్పు చేయుటలో ఉన్న సరదా కొరకే చేశానని నలభై ఏళ్ళు దాటాక ఆయన తన ఒప్పుకోలు గ్రంథములో పేజీలకొద్దీ వ్రాసుకున్నాడు. ఇంత చిన్న దొంగతనానికి అంత గొడవ ఎందుకని కొందరు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మనుష్యుడు చెడును లాభము కొరకే చేస్తాడనుకుంటే లాభము తీసివేసి అతనిని బాగుచేయవచ్చును. లాభము లేకున్నా చేస్తాడంటే రోగము లోతున ఉన్నదన్న మాట. నీతిని గూర్చి ఆయన తరువాత వ్రాసినదంతా ఈ కాయల దగ్గరే మొదలయింది.

కార్తేజు నగరములో పైచదువు, అక్కడే ఒక స్త్రీతో కాపురము, అదియోదాతు అనే కుమారుడు. మంచి ఒక దేవుడు, చెడు మరొక శక్తి అని బోధించే మానీ మతములో తొమ్మిదేండ్లు తిరిగాడు. 383లో రోముకు, మరుసటి ఏడు మిలానుకు వెళ్ళి, చక్రవర్తి కొలువున్న ఆ నగరములో వక్తృత్వ శాస్త్ర పండితుడయ్యాడు. ఉద్యోగము పెద్దది. దానిలో భాగముగా రాజుగారిని పొగుడుతూ సభలో ప్రసంగించవలెను. అప్పటి చక్రవర్తి పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు. తాను చెప్పబోయేది అబద్ధమని వక్తకు తెలుసు, అబద్ధమని వినేవారికీ తెలుసు, అయినా చప్పట్లు కొడతారు. అలాంటి ప్రసంగము సిద్ధము చేసుకుంటూ ఒకనాడు వీధిలో వెళ్ళుతూ తాగి నవ్వుతున్న ఒక బిచ్చగానిని చూచి, వీడు నాకన్న సుఖముగా ఉన్నాడు గదా అని కుమిలిపోయాడు. రాజకీయ వేదికల మీద మాట ఎలా అమ్ముడుపోతుందో లోపలినుండి చూచినవాడు ఆయన.

మిలానులో బిషప్పు అంబ్రోసు ప్రసంగములు, 386 ఆగస్టులో తోటలో విన్న పసి గొంతు, రోమా పత్రిక 13వ అధ్యాయము, 387 ఈస్టరు రాత్రి కుమారునితో కలిసి బాప్తిస్మము, ఇవన్నీ మీకు తెలిసినవే కనుక దాటిపోతాను. ఒక్క మాట మాత్రము చెప్పక తప్పదు. సుమారు పదిహేనేళ్ళు తనతో కాపురము చేసిన ఆ స్త్రీని, గొప్ప ఇంటి సంబంధము కొరకు ఆఫ్రికాకు పంపివేశారు. ఆమె మరి ఏ పురుషుని ఎరుగనని దేవునికి మ్రొక్కుకొని, కొడుకును విడిచి వెళ్ళిపోయింది. తన గుండె చీలి నెత్తురు కారిందని ఆయన వ్రాశాడు గాని ఆమె పేరు మాత్రము ఎక్కడా వ్రాయలేదు. ఇన్ని వందల ఏళ్ళుగా మోనికమ్మ పేరు మన ఆడపిల్లలకు పెట్టుకుంటున్నాము. ఈమెకు పేరే లేదు.

మోనికా అదే ఏడు తిరుగు ప్రయాణములో ఓస్తియా రేవులో చనిపోయింది. అగస్టీను 388లో స్వదేశము చేరాడు. కొద్ది కాలానికే కుమారుడు కూడా చనిపోయాడు. స్నేహితులతో ప్రార్థన, చదువు చేసుకుంటూ నెమ్మదిగా బ్రదుకుదామనుకున్నాడు. 391లో పని మీద హిప్పో రేవు పట్టణానికి వెళ్ళి గుడిలో కూర్చుంటే, అక్కడి వృద్ధ బిషప్పు వలేరియసు తనకు ఒక గురువు కావలెనని సంఘముతో చెప్పాడు. జనము అగస్టీనును పట్టుకొని ముందుకు లాక్కొని పోయి అభిషేకము చేయించారు. ఆయన ఏడ్చాడు. బిషప్పు పదవి యివ్వలేదని ఏడుస్తున్నాడనుకొని కొందరు ఓదార్చారట. నాలుగైదేళ్ళలో ఆ పదవి కూడా వచ్చి మెడకు పడింది.

ఇప్పుడు రొట్టెల సంగతి. హిప్పోలో రెండు గుళ్ళు, రెండు సంఘములు, ఇద్దరు బిషప్పులు. అగస్టీనుది చిన్న సంఘము. పెద్దది డొనాటిస్టులది. అగస్టీను రాకకు కొన్నేళ్ళ ముందు ఆ పెద్ద సంఘపు బిషప్పు, అవతలి వారికి రొట్టె కాల్చి యివ్వరాదని తన రొట్టెల వారికి కట్టడ చేశాడు. ఒక రొట్టెలవాడు తాను అద్దెకున్న ఇంటి యజమానికే కాల్చి యివ్వనన్నాడు. ఆ యజమాని అవతలి సంఘపు డీకను. రెండు గుళ్ళు ఎంత దగ్గరంటే ఒక గుడిలో పండుగ విందు గోల మరొక గుడిలో ప్రసంగము వినేవారికి వినిపించేది. ఒకే ఇంట్లో భర్త ఒక గుడికి, భార్య మరొక గుడికి. ఈ స్థితిని గూర్చి అగస్టీను ఎదుటి బిషప్పుకు వ్రాసిన ఉత్తరము ఒకటి నిలిచి ఉన్నది. జనము తమ ఆస్తి తగాదాలు తీర్చమని మన ఇద్దరి దగ్గరకూ వచ్చి తలవంచి నిలబడుతున్నారే, మన తగాదా మనమెందుకు తీర్చుకోలేకున్నాము అన్నది అందులోని భావము.

ఈ చీలిక ఎలా పుట్టిందో చెప్పవలెను. 303లో డయోక్లీషియను చక్రవర్తి క్రైస్తవులను హింసించుచు, పరిశుద్ధ గ్రంథములను అప్పగించమని ఆజ్ఞాపించాడు. కొందరు ప్రాణములిచ్చారు, కొందరు భయపడి పుస్తకములిచ్చారు. హింస ఆగాక, కార్తేజుకు కెసీలియను బిషప్పు కాగా, ఆయనకు అభిషేకము చేసిన ముగ్గురిలో ఒకడు పుస్తకములిచ్చిన ద్రోహి అని, ఆ చేతులతో చేసిన అభిషేకము చెల్లదని కొందరు లేచారు. వారు వేరే బిషప్పును నిలబెట్టుకున్నారు. అతని తరువాత వచ్చిన డొనాటసు పేరే ఆ పక్షానికి స్థిరపడింది. నేరము మోపబడినవాడు నిర్దోషి అని విచారణలో తేలింది. కాన్‌స్టంటైను కాలములో రెండు సభలు కూడి తీర్పు చెప్పాయి. వారు వినలేదు. నూరేళ్ళు గడిచాయి. మొదటి తగవు చూచిన వాడొక్కడూ బ్రదికి లేడు. అయినా అవతలి గుడినుండి వచ్చిన వానికి మరల బాప్తిస్మము ఇస్తూనే ఉన్నారు. అవతలివారి గుడి తమ వశమయితే గోడలు కడిగేవారని కూడా ఆనాటి వ్రాతలలో ఉన్నది.

వారిని తేలికగా కొట్టివేయరాదు. సంఘము పరిశుద్ధముగా ఉండవలెనని కోరుట తప్పా? హింసలో నిలిచినవాడూ అమ్ముడుపోయినవాడూ ఒకటేనా? హతసాక్షుల సమాధుల దగ్గర పెరిగిన జనము వారు. పైగా ఎగువ ప్రాంతపు పేదరైతులలో, పంటకాలములో ఊరూరా తిరిగే కూలీలలో వారికి బలమున్నది. ఆ కూలీలలో కొందరు గుంపులుగా దుడ్డుకర్రలు పట్టి, అప్పుపత్రాలు చింపించి, రథము మీద పోయే యజమానిని దించి బానిసను ఎక్కించి యజమానిని ముందు పరుగెత్తించేవారట. పేరుకు మతమైనా దీని వేరు పొలము గట్టున, వడ్డీ లెక్కలలో ఉన్నదని చరిత్రకారులు కొందరు వాదిస్తారు. పూర్తిగా కాకపోయినా కొంత నిజమే ననిపిస్తుంది.

అగస్టీను మొదట మాటనే నమ్ముకున్నాడు. చదువురాని వారు సహితము పాడుకొనుటకు వీలుగా, అక్షరమాల వరుసలో చరణములు మొదలయ్యే ఒక పాట కట్టి, మధ్య మధ్య సంఘమంతా అందుకొనే పల్లవి పెట్టి, చీలిక చరిత్ర అంతా అందులో చెప్పాడు. మన పల్లె భజనలలో కథ చెప్పిన పద్ధతే. ఇక ఆయన సిద్ధాంతము ఇది. బాప్తిస్మము క్రీస్తుది, ఇచ్చే చేయి ఎవరిదైనా ఇచ్చేవాడు ఆయనే. గురువు మంచివాడయితేనే సంస్కారము చెల్లుతుందంటే, గురువు హృదయము ఎవరికి తెలుసు? అప్పుడు విశ్వాసి క్రీస్తును గాక మనుష్యుని నమ్ముకొనవలసి వస్తుంది. పొలములో గోధుమలూ గురుగులూ కోతకాలము వరకు కలిసే ఉంటాయి. ఇప్పుడే వేరు చేస్తామనువాడు కోతవాని పని తన నెత్తిన వేసుకున్నాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటకు ముందు ఏళ్ళ తరబడి జరిగిన చర్చలలో అన్నిటికన్న చిక్కుగా నిలిచినది ఎవరి అభిషేకము చెల్లుననే ప్రశ్నయే. హిప్పో గొడవ మనకు దూరపు చుట్టరికము కాదు.

తరువాత జరిగినది వ్రాయుటకు నా కలము వెనుకాడుతున్నది. దుడ్డుకర్రల గుంపు ఒకసారి అగస్టీను కొరకు దారి కాచింది. దారి చూపువాడు పొరపాటున వేరే త్రోవ పట్టుటచేత బ్రదికాడు. ఆయన మిత్రుడు పొసీడియసును కొట్టారు. బగాయి బిషప్పును కొట్టి చచ్చాడనుకొని పారవేశారు. అతడు కోలుకొని చక్రవర్తి ఎదుట గాయములు చూపాడు. 405లో హోనోరియసు చక్రవర్తి ఐక్యతా శాసనము చేసి, డొనాటిస్టు ఆరాధనలనే నిషేధించాడు. విశ్వాసమును బలవంతము చేయరాదని అంతవరకు చెప్పిన అగస్టీను మనస్సు మార్చుకున్నాడు. తన సొంత ఊరు తగస్తె చట్టమునకు భయపడి చీలిక విడిచిందనీ, ఇప్పుడు వారు చీలిక మాట వింటేనే అసహ్యించుకుంటున్నారనీ, కనుక భయము కూడా కొందరిని సత్యము దగ్గరకు తెచ్చుననీ 408లో ఒక ఉత్తరములో వాదించాడు. లూకా సువార్తలోని విందు ఉపమానములో అతిథులను బలవంతపెట్టి తెచ్చిన మాటను దీనికి ఆధారము చేసుకున్నాడు.

411 జూనులో కార్తేజులో ఇరుపక్షాల బిషప్పులూ కూడారు. ఇటు 286 మంది, అటు 284 మంది అని లెక్క. ఓడితే పదవులు విడిచి పెడతామనీ, గెలిస్తే ఎదుటివారితో పదవి పంచుకుంటామనీ అగస్టీను పక్షము ముందే వ్రాసి యిచ్చింది. ఇది వారి గొప్పతనము. డొనాటిస్టులు పాపులతో కూర్చొనమని నిలబడే ఉన్నారు. అధ్యక్షత వహించిన ప్రభుత్వాధికారి మార్సెల్లినసు మర్యాద కొరకు తానూ నిలబడ్డాడు. జూను 1, 3, 8 తేదీలలో వాదములు జరిగి తీర్పు డొనాటిస్టులకు వ్యతిరేకముగా వచ్చింది. 412లో వచ్చిన చట్టము అంతస్తును బట్టి జరిమానాలు విధించింది. భూమి దున్నే పాలేళ్ళకు జరిమానా లేదు, దెబ్బలు. పెద్దవాని పాపానికి సొమ్ము, పేదవాని పాపానికి వీపు. ఈ చట్టమును అగస్టీను ఎదిరించలేదు.

ఒక గురువును చంపి, మరొక గురువు కన్ను పెరికి వ్రేలు నరికిన కొందరు దొరికినప్పుడు మాత్రము, వారికి మరణదండన వద్దు, అవయవములు తీయవద్దు, ఏదైనా పనిలో పెట్టి బాగుచేయండి అని మార్సెల్లినసుకు ఉత్తరము వెంట ఉత్తరము వ్రాశాడు. ఆయన మనస్సులో ఉన్నది తండ్రి బెత్తము, తలారి కత్తి కాదు. అయితే బెత్తము రాజు చేతికిచ్చినవాడు అది ఎక్కడ ఆగవలెనో చెప్పగలడా? 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ప్రొటెస్టంటులను బలవంతముగా మతము మార్పిస్తున్న దినములలో అగస్టీను వ్రాసిన ఆ ఉత్తరములనే అచ్చువేసి పంచారు. మరుసటి ఏడు పియెర్ బేల్ అనే ఫ్రెంచి ప్రొటెస్టంటు విద్వాంసుడు దానికి జవాబుగా ఒక గ్రంథమే వ్రాశాడు. బలవంతము వలన వచ్చేది సత్యము కాదు, వేషము అని అతని వాదము. ఆ విషయములో బేల్ గారే సరియని నా నమ్మకము. మహాభక్తుడు గదా అని మనము ఈ తప్పును దుప్పటి కప్పి దాచనక్కరలేదు. తన తప్పులు తానే లోకమునకు చదివి వినిపించినవాడు ఆయన.

ఈలోగా 410 ఆగస్టు 24న అలారికు దండు రోము నగరమును దోచుకున్నది. పడిపోదనుకున్న నగరము పడింది. కాందిశీకులు ఓడలలో ఆఫ్రికాకు వచ్చారు. పాత దేవతలను విడిచినందుకే ఈ శాపమని పెద్దింటివారు గొణిగారు. దీనికి జవాబు వ్రాయమని మార్సెల్లినసు కోరగా అగస్టీను 413లో మొదలుపెట్టి 426 వరకు 22 భాగములుగా దేవుని పట్టణము అనే గ్రంథము వ్రాశాడు. మార్సెల్లినసు దానిని పూర్తిగా చూడలేదు. 413 సెప్టెంబరులో తిరుగుబాటుదారుడను నింద మోపి ప్రభుత్వమువారే అతని తల తీయించారు. విడిపించుటకు అగస్టీను కార్తేజులో ఉండి ఎంతో ప్రయాసపడ్డాడు. రాజ్యము చేతికి ఖడ్గమిస్తే అది ఎవరి మీద పడుతుందో ఆయన కన్నులార చూచినది అప్పుడే.

ఆ పెద్ద గ్రంథపు సారము మన సంఘ సభ్యులకు అర్థము కానిదేమీ కాదు. లోకములో రెండు పట్టణములున్నాయి. తన్ను తాను ప్రేమించుకొని దేవుని త్రోసివేసేది ఒకటి, దేవుని ప్రేమించి తన్ను తాను ప్రక్కకు పెట్టుకొనేది మరొకటి. రోము మొదటిది, సంఘము రెండవది అని గీత గీయలేదాయన. రెండూ కలిసే ఉన్నాయి, ఒకే బజారులో తిరుగుతాయి, ఒకే గుడిలో ప్రక్కప్రక్కన కూర్చుంటాయి. న్యాయము లేని రాజ్యమును పెద్ద దొంగల ముఠాతో పోల్చాడు. ఓడ ఒకటైతే దొంగ, ఓడలు వందలైతే చక్రవర్తి అని ఒక సముద్రపు దొంగ అలెగ్జాండరుతో అన్న కథను చెప్పి, ఆ దొంగ మాటలో తప్పేమీ లేదన్నాడు. అయినా ఈ లోక రాజ్యము నిలబెట్టే ఆపాటి శాంతి కూడా మేలేననీ, దేవుని ప్రజలు దానిని వాడుకొనవలెననీ, అయితే దానినే మోక్షమనుకొని దానికి మ్రొక్కరాదనీ చెప్పాడు. ఒక పార్టీ గెలుపునే దైవరాజ్యమని, ఓటమిని యుగాంతమని తలచేవారికి ఇది మింగుడుపడదు.

అబద్ధము విషయములో ఆయన మరీ కఠినుడు. స్పెయినులో కొందరు విశ్వాసులు, అబద్ధ బోధకులను పట్టుకొనుటకు వారివలె నటించి లోపల ప్రవేశిస్తే తప్పేమిటని సుమారు 420లో అడిగించారు. వద్దన్నాడు. సత్యమును కాపాడుటకు అబద్ధమాడితే కాపాడుటకు ఇక ఏమి మిగిలింది? ప్రాణము కాపాడుటకు సహితము ఆడరాదన్న ఆయన మాట మాత్రము నేను ఒప్పుకొనలేను. ఎర్ర సముద్రము ఇవతల మంత్రసానులు ఫరోకు చెప్పిన జవాబును తలచుకుంటే చాలు. ఆయన కూడా వారి దయను మెచ్చుకొని అబద్ధమును మాత్రము మెచ్చుకొనలేదు.

ఇంటి దగ్గర ఆయన ఎట్టివాడో పొసీడియసు వ్రాసిన జీవిత చరిత్రలో ఉన్నది. ఎదుట లేనివారిని గూర్చి చెడు మాట్లాడేవారికి ఈ బల్ల దగ్గర స్థలము లేదన్న భావము గల పద్యము భోజనపు బల్ల మీద వ్రాయించాడు. ఒకసారి తోటి బిషప్పులే దానిని మరచి మాట్లాడుతుంటే, పద్యమైనా చెరపండి, నేనైనా లేచిపోతాను అని కోపించాడట. చెరపట్టబడిన వారిని విడిపించుటకు గుడి పాత్రలను కరగించి అమ్మాడు. ఆయన ముసలితనములో వ్రాసిన కొన్ని ఉత్తరములు చాలాకాలము మరుగుపడి 1981లో అచ్చయ్యాయి. వాటిలో ఒకదానిలో, పల్లెలనుండి మనుష్యులను ఎత్తుకుపోయి సముద్రము దాటించి అమ్మే వ్యాపారుల ఓడనుండి హిప్పో సంఘస్థులు సుమారు 120 మందిని విడిపించిన సంగతి ఉన్నది. అప్పుడు బిషప్పు ఊరిలో లేడు. సభ్యులే వెళ్ళారు.

తప్పటడుగు ఒకటి ఆయనను ముసలితనములో చాలా బాధించింది. ఫుస్సాలా అనే ఊరికి, అక్కడి ప్యూనిక్ భాష తెలిసినవాడని, తన మఠములో పెరిగిన అంతోనినసు అనే యువకుని తొందరపడి బిషప్పుగా నియమించాడు. అతడు జనమును దోచుకున్నాడు. ఆ నష్టము చక్కబడకపోతే తానే పదవి విడుస్తానని అగస్టీను రోము బిషప్పుకు వ్రాశాడు. అధికారి నియమించినవాడు తప్పు చేస్తే అధికారి పదవి విడుస్తాననుట మనమెన్నిసార్లు విన్నాము?

426లో తన తరువాత పని చూచుకొనుటకు ఎరాక్లియసు అను గురువును సంఘము ఎదుట నిలబెట్టి సమ్మతి తీసుకున్నాడు. తరువాత తన గ్రంథములన్నీ ముందు వేసుకొని కూర్చున్నాడు. 93 గ్రంథములు, 232 భాగములు. ఒక్కొక్కటి చదివి, ఇక్కడ తప్పు వ్రాశాను, ఇక్కడ తొందరపడ్డాను అని దిద్దుబాటు పుస్తకము వ్రాశాడు. అందులో డొనాటిస్టులను గూర్చి తాను మొదట వ్రాసిన ఒక పుస్తకము దగ్గర ఆగి, వారిని రాజు బలముతో తేరాదని అప్పుడు అన్నది తన అనుభవము చాలక అన్నదే అని దిద్దుకున్నాడు. అన్ని తప్పులూ దిద్దుకున్న ఆ చేయి, తప్పు కానిదానిని కూడా ఇక్కడ దిద్దింది.

429లో వాండలులు జిబ్రాల్టరు దాటి ఆఫ్రికాలో దిగారు. 430 వేసవిలో హిప్పోను ముట్టడించారు. పారిపోయి వచ్చిన బిషప్పులు, రైతులు, పాత డొనాటిస్టులు, పాత శత్రువులు, అందరూ ఒకే గోడల లోపల ఇరుక్కున్నారు. ముట్టడి మూడవ నెలలో అగస్టీనుకు జ్వరము వచ్చింది. పశ్చాత్తాప కీర్తనలను పెద్ద అక్షరములతో వ్రాయించి మంచము ఎదుటి గోడకు అంటించుకొని, వాటిని చదువుకుంటూ ఏడ్చేవాడు. వైద్యుడు వచ్చినప్పుడు, భోజనము తెచ్చినప్పుడు తప్ప ఎవరూ లోపలికి రావద్దని చెప్పి చివరి పది దినములూ ఒంటరిగా గడిపాడు. ఆగస్టు 28న కన్నుమూశాడు. వీలునామా వ్రాయలేదు, వ్రాయుటకు ఆస్తి లేదు. పుస్తకములను మాత్రము జాగ్రత్త చేయమని చెప్పాడు. తరువాత పట్టణము చాలావరకు కాలిపోయింది. పుస్తకముల గది మిగిలింది.